మెడ కదలాలి, భుజం కదలకూడదు

జాజ్ డాన్స్ క్లాసులో మొదటి రోజు మాస్టర్ అడిగే పని వినడానికి చాలా చిన్నది. పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడమంటారు. భుజాలు కదపకుండా మెడను కుడికి జరపమంటారు. తల వంచకూడదు, తిప్పకూడదు. గడ్డం నేలకు సమాంతరంగా ఉండగానే తల మొత్తం పక్కకు జరగాలి, మధ్యకు రావాలి, ఎడమకు జరగాలి. కొత్తవాళ్ళలో చాలామందికి తలతో పాటు భుజం కూడా వెళ్ళిపోతుంది. మెడ అయ్యాక భుజాలు మాత్రమే. ఆ తర్వాత ఛాతీ మాత్రమే, నడుము కింద ఏదీ కదలకుండా. చివరికి తుంటి మాత్రమే. వీటిని ఐసొలేషన్లు అంటారు. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి వరసలో ఉన్నవాళ్ళు నిలువునా ఊగుతుంటారు. అద్దంలో తమ వాలకం చూసుకుని, పక్కనున్న పదేళ్ళ పిల్ల అవలీలగా చేసేస్తుంటే చూసి, "మనకిది రాదులే" అని తేల్చేసుకునేది సరిగ్గా ఆ నిమిషంలోనే.

ఆ తీర్పు తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే మెదడులోకి, చెవిలోకి, ఎముకల్లోకి వెళ్ళాలి. ముందు కొంత చరిత్రలోకి కూడా.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో డాన్స్ స్కూలు బోర్డు మీద జాజ్ అన్న మాట కనిపించడం అరుదు. కూచిపూడి పక్కన వెస్టర్న్ అనో, సినిమా డాన్స్ అనో రాసి ఉంటుంది. పైఅంతస్తులో ఒక గది, ఒక గోడకు అద్దాలు, మూలన స్పీకరు, బడి వదిలాక వచ్చే పిల్లలు. అయితే ఆ వెస్టర్న్ పేరు కింద నేర్పే వాటిలో చాలా భాగం జాజ్ నుంచి వచ్చిందే. కాలు విసిరి, వెంటనే వెనక్కి దించి బరువు మార్చుకునే కిక్ బాల్ చేంజ్, నాలుగు అడుగుల్లో నేల మీద చదరం గీసే జాజ్ స్క్వేర్, వేళ్ళు విప్పార్చి అరచేతులు ఆడించే జాజ్ హ్యాండ్స్, భుజం ఒకవైపు తోసి తుంటిని రెండో వైపు నిలిపే భంగిమ, అన్నీ ఆ కుదురువే. పేరు చెప్పకుండా, సినిమా వెంట వచ్చాయి.

జాజ్ డాన్స్ పుట్టింది అమెరికాకు బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికన్ల ఒంట్లో. 1739లో సౌత్ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డప్పులు మోగిస్తూ, మిగతావాళ్ళను కలుపుకుంటూ నడిచారు. తిరుగుబాటును అణిచేశాక, 1740లో అక్కడి ప్రభుత్వం చేసిన చట్టం బానిసలు డప్పులు మోగించడాన్నే నిషేధించింది. వాయిద్యం పోయాక వాళ్ళు తొడల మీద, ఛాతీ మీద, మడమలతో నేల మీద మోగించారు. చేతులది ఒక లయ, కాళ్ళది ఇంకొకటి, తలది మరొకటి. ఒంట్లోని భాగాలు వేటికవి వేరే తాళం పట్టడమన్న జాజ్ మూలసూత్రం ఆఫ్రికా నుంచే వచ్చింది. నిషేధం దానికి మరింత పదును పెట్టింది. తోలు వాయిద్యం మోగించేవాళ్ళను ఊరవతల ఉంచి, వాళ్ళ చప్పుడు లేనిదే పెళ్ళీ చావూ కూడా జరుపుకోలేని మన పల్లెలకు ఈ కథలోని అన్యాయం అర్థం కానిదేమీ కాదు.

తర్వాతి మలుపు మనకు ఇంకా దగ్గరిది. జాక్ కోల్ అనే అమెరికన్ నర్తకుడు (1911–1974) యువకుడిగా ఉండగా భరతనాట్యం నేర్చుకున్నాడు. 1930ల చివర న్యూయార్క్ నైట్ క్లబ్బుల్లో ఆ అడుగులనూ, మెడ కదలికలనూ, చూపులనూ స్వింగ్ సంగీతం మీద ఆడించాడు. చూసినవాళ్ళు దానికి హిందూ స్వింగ్ అని పేరు పెట్టారు. అరమండిలో కూర్చున్నట్టు మోకాళ్ళు బాగా వంచి, ఒళ్ళు నేలకు దగ్గరగా ఉంచి, ఒక్కో అవయవాన్ని విడిగా, కచ్చితంగా కదపడం అతని పద్ధతి. తర్వాత హాలీవుడ్‌కు వెళ్ళి 1953లో మార్లిన్ మన్రో నటించిన 'జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్' సినిమాకు నృత్యాలు కూర్చాడు. రంగస్థల జాజ్ నృత్యానికి పితామహుడని అతణ్ణే అంటారు. మెడను అడ్డంగా జరిపే ఆ కదలికకు మన అభినయదర్పణంలో సుందరి అని పేరు. గ్రీవా భేదాలు నాలుగింటిలో అదొకటి. పాదం, కటి, హస్తం, గ్రీవం అని నాలుగు రేచకాలను, అంటే అవయవాల కదలికలను, విడివిడిగా చెప్పింది నాట్యశాస్త్రం. జాజ్ మనదే అని నేను అనడం లేదు, అది ఆఫ్రికన్ అమెరికన్లది. కానీ మొదటి రోజు క్లాసులో పరాయిదనిపించే కదలికల్లో కొన్ని సముద్రాలు దాటి తిరిగి వచ్చినవి.

ఒంటిని భాగాలుగా విడదీసి, వరస పెట్టి నేర్పవచ్చన్న ఆలోచన కూడా ఈ నేలకు పాతదే. సూర్యాపేటను ఆనుకుని ఉన్న పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు 13వ శతాబ్దం మొదట్లో గుళ్ళు కట్టించారు. అదే శతాబ్దంలో, 1253–54లో, కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనకు అధిపతి అయిన జాయప నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల గ్రంథం అది. మొదటి నాలుగు శాస్త్ర మార్గానికి ఇచ్చి, మిగతా నాలుగింటిని దేశి నృత్తాలకు, అంటే పేరణికీ, కోలాటానికీ, చిందుకూ, జనం ఆడే ఆటలకూ కేటాయించాడు. ఏనుగుల దండును నడిపిన మనిషి వీధిలో ఆడే ఆటను కూర్చుని పరిశీలించి, ఏ పాదం ఎక్కడ, ఏ చెయ్యి ఎటు అని రాసిపెట్టాడంటే, ఆట దైవదత్తమనే మాటతో అతను సరిపెట్టుకోలేదన్నమాట.

కోల్ దగ్గర మొదలైన ధార న్యూయార్క్ రంగస్థలమైన బ్రాడ్‌వే మీదుగా మైకేల్ జాక్సన్ దాకా సాగింది. 1983లో వచ్చిన 'థ్రిల్లర్' వీడియోకు నృత్యం కూర్చిన మైకేల్ పీటర్స్ బ్రాడ్‌వే నుంచి వచ్చినవాడే. రెండేళ్ళకు, 1985లో, 'దొంగ' సినిమాలో చిరంజీవి ఆ పోకడలోనే ఆడారు. 1994లో 'ప్రేమికుడు' వచ్చి ప్రభుదేవా ఒంట్లో ఎముకలు ఉన్నాయా లేవా అన్న చర్చ పెట్టింది. ఆ తర్వాత టీవీ పోటీలు. జాజ్ మన ఊళ్ళకు వచ్చిన దారి ఇది.

ఇప్పుడు ఛాతీ దగ్గరికి వద్దాం. మెడ ఎలాగో వింటుంది, ఛాతీ ఎందుకు వినదు?

1930ల్లో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు మూర్ఛరోగులకు మెదడు ఆపరేషన్లు చేసేవాడు. మెదడుకు నొప్పి తెలియదు కనుక రోగులు మెలకువగానే ఉండేవారు. ఏ భాగం కోయకూడదో తెలుసుకోవడానికి మెదడు పైపొర మీద అక్కడక్కడ సన్నని విద్యుత్తు తాకించేవాడు. ఒకచోట తాకితే బొటనవేలు కదిలేది, ఇంకోచోట పెదవి. అలా అతను గీసిన పటంలో ఒక విచిత్రం బయటపడింది. ఒంట్లో ఎంత పెద్ద భాగమో మెదడులో అంత చోటు ఉండదు. వేళ్ళకూ, పెదవులకూ, నాలుకకూ చాలా చోటు ఉంది. ఛాతీ, వీపు, కడుపు అన్నీ కలిపి చిన్న పట్టీలో ఇమిడిపోతాయి. బియ్యంలో రాయి ఏరడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ వేళ్ళను ఒక్కొక్కటిగా కదపాలి. పక్కటెముకలను విడిగా కదపవలసిన అవసరం మామూలు బతుకులో ఎవరికీ రాదు. అందుకే అక్కడికి వెళ్ళే ఆజ్ఞలు మోటుగా వెళ్తాయి. పైగా మొండెం కండరాల అసలు ఉద్యోగం మనల్ని నిలబెట్టి ఉంచడం. ఒకటి లాగితే పడిపోకుండా మిగతావి వాటంతటవే బిగుసుకుంటాయి.

కాబట్టి ఐసొలేషన్‌లో కష్టం కదపడంలో లేదు. పక్కవాటిని కదలకుండా ఆపడంలో ఉంది. మెదడుకు ఆపమని చెప్పడం కూడా ఒక పనే, అదీ సాధనతోనే వస్తుంది. ఈ పటం పుట్టుకతో గీసి వదిలేసినది కాదు. తీగ వాయిద్యాలు వాయించేవాళ్ళ ఎడమచేతి వేళ్ళకు మెదడులో మామూలువాళ్ళకన్నా ఎక్కువ చోటు ఉండటం 1995లో జర్మనీ పరిశోధకులు గమనించారు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళలో అది మరీ ఎక్కువ. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళలోనూ ఉంది. మొదటి వారంలో ఛాతీ కదిలిందో లేదో కూడా తెలియని స్థితి నుంచి, కొన్ని వారాల తర్వాత అంగుళం జరిగిందని లోపలి నుంచే తెలిసే స్థితికి రావడమంటే, కపాలంలో ఆ పటం కొత్తగా గీసుకుంటోందని అర్థం. తడబాటు ఆ పనికి అడ్డు కాదు. ఆ పని అప్పుడే జరుగుతోందనడానికి గుర్తు.

పక్కనున్న పదేళ్ళ పిల్లకు వచ్చింది కదా అంటారా? ఆ పిల్ల బహుశా అప్పటికే చాలా సాయంత్రాలు ఆ గదిలో గడిపి ఉంటుంది. తప్పు చేస్తే నవ్వుకుని మళ్ళీ చేస్తుంది. పెద్దవాళ్ళు తప్పు చేస్తే ఆగి, చుట్టూ చూస్తారు. తేడా చాలావరకు ఆ ఆగడంలోనే ఉంది.

ఐసొలేషన్లకు ముందు వార్మప్ ఉంటుంది. కొందరు దాన్ని దండగనుకుని పది నిమిషాలు ఆలస్యంగా వస్తారు, అది మంచిది కాదు. చల్లగా ఉన్న కండరం బిరుసుగా ఉంటుంది. వేడెక్కిన కండరం త్వరగా స్పందిస్తుంది, సాగుతుంది. కీళ్ళలోని జిగురు ద్రవం కదలికతోనే పలచబడి ఎముకల చివర్లకు అందుతుంది. గెంతులకు ముందు ఒకే భంగిమలో చాలాసేపు సాగదీసి పట్టి ఉంచితే కండరం బలం కాసేపు కొంచెం తగ్గుతుంది. అందుకే మొదట కదులుతూ సాగదీయడం, చివర్లో పట్టి ఉంచడం. ఈ వార్మప్‌కు కూడా ఒక కథ ఉంది. లుయిజీ అని పేరుపడ్డ యూజీన్ లూయిస్ ఫాచుటో 1946లో కారు ప్రమాదంలో చిక్కుకుని పక్షవాతం పాలయ్యాడు. ఇక నడవడన్నారు. అతను పడుకున్నచోటే ఒంటిని ఏ వరసలో, ఎంత మెల్లగా కదిపితే మళ్ళీ స్వాధీనంలోకి వస్తుందో తనకు తానే వెతుక్కున్నాడు. నిలబడేటప్పుడు ముందున్న గాలిలో ఒక కడ్డీ ఉందనుకుని, దాన్ని రెండు చేతులతో కిందికి అదిమాడు. ఆ ఊహతోనే భుజాలు దిగి, వెన్ను లేచి, నిలకడ వచ్చింది. తిరిగి నాట్యం చేశాడు, సినిమాల్లో కూడా. తన కోసం కట్టుకున్న ఆ వరసనే తర్వాత పాఠంగా మార్చి దశాబ్దాల పాటు న్యూయార్క్‌లో నేర్పాడు. ఈరోజు ప్రపంచంలో చాలా జాజ్ క్లాసుల్లో చేయించే వార్మప్‌లో అతని అడుగుజాడలున్నాయి. ఏదీ రాని ఒంటి కోసం పుట్టిన పద్ధతి అది.

తర్వాత లెక్క. "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని మాస్టర్ అరుస్తారు, ఒకటికి అందరూ మొదలుపెట్టాలి. డాన్స్ పాటలు చాలావరకు నిమిషానికి 120 దెబ్బల చుట్టుపక్కల ఉంటాయి. అంటే దెబ్బకు అర సెకను, ఎనిమిది లెక్కకు నాలుగు సెకన్లు. మనిషి మామూలు నడక కూడా సెకనుకు సుమారు రెండు అడుగులే. ఆ వేగం మన కాళ్ళకు తెలియనిది కాదు.

మరి తప్పేది ఎక్కడ? జాజ్ సంగీతం బరువును ఒకటి, మూడుల మీద కాకుండా రెండు, నాలుగుల మీద వేస్తుంది. ఇంకా ముందుకు వెళ్ళి, దెబ్బకూ దెబ్బకూ మధ్యనున్న సందులో వేస్తుంది. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు పాట బరువు పడేచోటే పడతాయి, ఆ అలవాటు చిన్ననాటిది. దెబ్బ పడాల్సిన చోట ఖాళీ వదిలి, పడకూడని చోట అడుగు వేయమంటే కాలు మొరాయిస్తుంది. అయినా ఈ తిరకాసు మనకు తెలియనిది కాదు. డప్పు వాయించే మనిషిని దగ్గర నుంచి చూడండి. కుడిచేతిలోని చిర్ర బరువు దెబ్బ వేస్తుంటే, ఎడమచేతిలోని సిటికెన పుల్ల ఆ సందులన్నీ నింపుతుంటుంది. తాళానికి ముందో వెనకో పాటను ఎత్తుకోవడాన్ని మన సంగీత శాస్త్రం అతీత, అనాగత గ్రహాలుగా చెప్పింది. రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతరలో గజ్జెల లాగులు తొడుక్కుని, భేరీల మోతకు "ఓ లింగా" అంటూ కదిలే జనాన్ని చిన్నప్పటి నుంచి చూసిన సూర్యాపేట పిల్లల చెవి, మిర్యాలగూడ చుట్టూ తండాల్లో లంబాడీ ఆటపాటల మధ్య పెరిగిన పిల్లల చెవి ఖాళీ చెవులు కావు. నేర్పేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడితే సింకొపేషన్ అనే ఈ తిరకాసు సులువుగా ఎక్కుతుందని నా నమ్మకం. ముందు డప్పు దరువు మోగించి, పిల్లలను సిటికెన పుల్ల దెబ్బల మీద మాత్రమే చప్పట్లు కొట్టమనండి. తర్వాత అదే చప్పట్లు జాజ్ పాట మీద.

కొత్తవాళ్ళు చేసే పొరపాట్లలో అన్నిటికన్నా పెద్దది, ముందు వరసలోని వాళ్ళను చూసి చేయడం. కంటికి కనిపించిన దానికి కాలు స్పందించడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్నదే 0.5 సెకను. చూసి చేసేవాళ్ళు ఎంత చురుకైనవాళ్ళయినా వెనకబడతారు, అది వాళ్ళ తప్పు కాదు, నరాల వేగానికి ఉన్న హద్దు. లయతో కలిసి కదలడమంటే విన్నాక కదలడం కాదు, రాబోయే దెబ్బను ముందే ఊహించి కదలడం. ప్రయోగశాలలో మనుషులను తాళానికి వేలు కొట్టమంటే చాలామంది వేలు దెబ్బకన్నా సెకనులో కొన్ని వందో వంతుల ముందే పడుతుంది. మెదడు ఎదురుచూస్తూ ఉంటుంది. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లోని నాటు నాటు పాటలో ఎన్టీఆర్, రామ్‌చరణ్ కాళ్ళు ఒకే క్షణంలో పడటం ప్రపంచమంతా చూసింది. ప్రేమ్ రక్షిత్ కూర్చిన ఆ అడుగులను ఒకరు రెండోవారిని చూస్తూ వేసి ఉంటే అలా పడటం అసాధ్యం. ఇద్దరూ ఒకే దెబ్బను ముందుగా ఊహిస్తున్నారు. అందుకని మొదటి నెలలో అడుగు తప్పినా సరే, నోటితో లెక్క పెట్టుకోవడం మానకండి. అంకెలు పైకి అనడం సిగ్గనిపిస్తే పెదవుల్లోనే అనుకోండి.

అద్దం గురించి కూడా ఒక మాట. కండరాల్లోనూ, కీళ్ళ చుట్టూనూ ఉండే గ్రాహకాలు మన చెయ్యి ఎక్కడుందో, మోకాలు ఎంత వంగిందో క్షణక్షణం మెదడుకు చెబుతుంటాయి. కళ్ళు మూసుకుని ముక్కు తాకగలిగేది వాటి వల్లే. ఇంగ్లండ్‌కు చెందిన ఇయన్ వాటర్మన్ అనే యువకుడికి 1970ల మొదట్లో, 19 ఏళ్ళ వయసులో, ఒక జబ్బు తర్వాత మెడ కింద ఈ జ్ఞానం మొత్తం పోయింది. కండరాల బలం అలాగే ఉంది, ఒళ్ళు మాత్రం ఎక్కడుందో తెలియదు. కళ్ళతో చూసుకుంటూ, ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తూ, కొన్నేళ్ళకు నడక నేర్చుకున్నాడు. దీపం ఆరిపోతే కుప్పకూలేవాడు. అద్దాన్నే నమ్ముకుని నాట్యం నేర్చినవాళ్ళు వేదిక ఎక్కగానే గందరగోళపడటానికి కారణం ఇలాంటిదే, అక్కడ అద్దం ఉండదు. కొత్త అడుగును అద్దంలో చూసి సరిచేసుకుని, తర్వాత వెనక్కి తిరిగి నిలబడి చేసి చూడాలి. మంచి మాస్టర్లు మధ్యమధ్యలో క్లాసు మొత్తాన్ని అద్దానికి వీపు పెట్టి నిలబెడతారు.

గిరగిరా తిరిగే పిరువెట్ మొదటి వారాల్లోనే పరిచయం చేస్తారు, ఒక్క చుట్టుతో. కళ్ళు తిరుగుతాయి. రెండు చెవుల్లోపల మూడేసి అర్ధచంద్రాకారపు గొట్టాలు ఉంటాయి, వాటి నిండా ద్రవం. గిరగిరా తిప్పి ఆపిన చెంబులో నీళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నట్టు, మనం ఆగాక కూడా ఆ ద్రవం కాసేపు కదులుతుంది. మెదడు ఇంకా తిరుగుతున్నామనే అనుకుంటుంది. దీనికి నర్తకుల ఉపాయం స్పాటింగ్. ఎదుటి గోడ మీద ఒక గుర్తు చూసుకుని, ఒళ్ళు తిరుగుతున్నా తలను వీలైనంతసేపు అక్కడే నిలిపి, చివరి క్షణంలో తలను విసురుగా తిప్పి మళ్ళీ ఆ గుర్తునే పట్టుకోవాలి. మొదట గోడ మీద ఏదో ఒకటి అతికించండి, స్విచ్‌బోర్డయినా సరిపోతుంది. ఏళ్ళ తరబడి తిరిగిన బ్యాలే నర్తకుల మెదళ్ళను 2013లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పరిశీలించారు. చెవి నుంచి వచ్చే ఈ తప్పుడు కబురును వాళ్ళ చిన్నమెదడు పట్టించుకోవడం తగ్గించేసిందని తేలింది. కళ్ళు తిరగకపోవడం కూడా నేర్చుకునేదే. అయితే ఏమీ చేయకుండా ఉండగానే తల తిరిగే జబ్బున్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

క్లాసు చివరి పావుగంట కాంబినేషన్‌ది. అప్పటిదాకా నేర్చిన అడుగులను కలిపి నాలుగు ఎనిమిదులు, అంటే 32 లెక్కలు చేయిస్తారు. ఆడితే 16 సెకన్లు. నేర్చుకోవడానికి పావుగంట చాలదు. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచగలిగిన విడివిడి విషయాలు నాలుగైదుకు మించవు. 32 కదలికలు విడివిడిగా ఎవరికీ పట్టవు. అనుభవమున్నవాళ్ళు వాటిని ముద్దలుగా పట్టుకుంటారు. కొత్తవాళ్ళకు "కుడికాలు విసురు, వెనక్కి దించు, బొటనవేలి మీద బరువు, ఎడమకాలికి మార్పు" అని నాలుగు విషయాలుగా కనిపించేది, వాళ్ళకు "కిక్ బాల్ చేంజ్" అన్న ఒక్క విషయం. అందుకే అడుగుల పేర్లు నోటికి రావాలి. ఇంటికి వెళ్ళేసరికి సగం మరిచిపోతే బెంగపడకండి. రాత్రి నిద్రలో మెదడు ఆ పనిని కొనసాగిస్తుంది. 2002లో హార్వర్డ్ పరిశోధకులు కొందరికి వేళ్ళతో ఒక వరస నొక్కడం నేర్పారు. నిద్రపోయి లేచాక, మధ్యలో ఏ సాధనా లేకుండానే, వాళ్ళ వేగం సుమారు 20 శాతం పెరిగింది. అదే పన్నెండు గంటలు మెలకువగా గడిపినవాళ్ళలో పెద్ద మార్పు లేదు. ఆదివారం ఆరు గంటలు గుక్కతిప్పకుండా చేసేకన్నా, రోజుకు పావుగంట చేసి పడుకోవడం మేలు.

మరుసటి రోజు ఒళ్ళు పులిసిపోతుంది. రెండో రోజు మెట్లు దిగడం మరీ కష్టం. అది లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల అని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. ఆ ఆమ్లం వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోపే రక్తంలోంచి వెళ్ళిపోతుంది. అసలు కారణం, సాగుతూనే బరువు మోసే కండరంలో సూక్ష్మంగా జరిగే దెబ్బ. గెంతి దిగేటప్పుడు తొడ ముందు కండరం చేసేది అదే. ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది, తేలికగా కదులుతుంటే నెమ్మదిస్తుంది, రెండోసారి అంత బాధ పెట్టదు. కండరమంతా మందంగా ఉండే ఈ నొప్పి వేరు, ఒక్కచోట సూదిలా పొడిచే నొప్పి వేరు. కీలు వాచినా, పొడిచినా ఆపేయాలి.

ఉమ్మడి నల్లగొండలో ఎముకల మాట ఎత్తకుండా ఒళ్ళు గురించి రాయలేను. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన పల్లెల్లో లిగమెంట్లు గట్టిపడి, వెన్ను బిగుసుకుపోయి, నడుం వంగిన మనుషులను ఈ జిల్లా తరాలుగా చూసింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో నల్లగొండ టెక్నిక్ అన్న పేరే స్థిరపడింది. అలాంటి చోట కీలు స్వేచ్ఛగా కదలడం చిన్న విషయం కాదు. ఎముక బతికున్న ధాతువు, బరువు పడినచోట అది గట్టిపడుతుంది. టెన్నిస్ ఆడేవాళ్ళ రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా ఉంటుంది. మనిషి జీవితకాలానికి సరిపడా ఎముకను చాలావరకు కూడబెట్టుకునేది కౌమారంలో. అందుకు గెంతే ఆటలు బాగా తోడ్పడతాయి. సరిగ్గా ఆ వయసులోనే, పదో తరగతి దాటుతుండగా, మన ఊళ్ళలో ఆడపిల్లల చేత ఆట మాన్పిస్తాం. ఎవరైనా చూస్తారనో, చదువు పాడవుతుందనో. ఆ నష్టం యాభై ఏళ్ళు దాటాక తుంటి విరిగినప్పుడు బయటపడుతుంది, అప్పుడు దాన్ని వయసు మీదికి నెట్టేస్తాం. ఇది నాకు బాధ కలిగించే విషయం.

గెంతి దిగేటప్పుడు పాదం మీద ఒంటి బరువుకు కొన్ని రెట్ల బలం పడుతుంది. మోకాళ్ళు వంచి, బొటనవేలి మొదలు నుంచి మడమదాకా క్రమంగా ఆనిస్తూ దిగితే ఆ బలం కాస్త ఎక్కువ సమయంలో పంచుకుపోతుంది. మోకాలు ఎప్పుడూ పాదం రెండో వేలు వైపే వంగాలి, లోపలికి వాలకూడదు. మన గదుల్లో ఎక్కువగా ఉండేది టైల్స్ లేదా బండ, అవి కొంచెం కూడా అణగవు. కింద చెక్క నేల ఉండి, దాని కింద కాస్త ఖాళీ ఉండటం మేలు. అది కుదరకపోతే గెంతులు తగ్గించి, పలుచని రబ్బరు చాపలు పరచాలి. టైల్స్ మీద సాక్సులతో చేయడం మాత్రం వద్దు, జారి పడతారు. వదులు ప్యాంటు, టీషర్టు చాలు. చుడీదార్ అయితే చున్నీని నడుముకు బిగించి కట్టుకోవాలి.

వయసు గురించి. 2003లో వెలువడిన, న్యూయార్క్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళు గమనించిన అధ్యయనంలో, శారీరక వ్యాపకాల్లో మతిమరుపు వ్యాధి తక్కువగా కనిపించడంతో ముడిపడినది నాట్యం ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే నాట్యానికి వెళ్తారేమోనన్న అనుమానం అలాంటి అధ్యయనాలకు ఎప్పుడూ ఉంటుంది, నాట్యమే మందు అని దాని నుంచి తేల్చలేం. కానీ గుర్తుపెట్టుకోవడం, లయను ఊహించడం, నిలకడ కాపాడుకోవడం, పక్కవాళ్ళతో కలవడం అన్నీ ఒకే గంటలో చేయించే వ్యాయామాలు ఎక్కువ లేవు.

పిల్లల బ్యాచ్‌లో నిలబడటానికి మొహమాటపడే అమ్మలు, అత్తలు కోదాడలోనూ మిర్యాలగూడలోనూ చాలామంది ఉంటారు. అద్దాల గది పగలంతా ఖాళీగానే ఉంటుంది. పిల్లలు బడికి వెళ్ళాక, ఉదయం పదకొండుకు ఒక బ్యాచ్ పెట్టమని మాస్టర్‌ను అడగండి. నలుగురైదుగురు జమైతే ఆయనకు గది అద్దె కొంత కలిసొస్తుంది. మొదటి నెల గెంతులు వద్దని, లెక్క తెలుగులోనే చెప్పమని, ఒక్కో ఎనిమిదిని మూడు రోజులు చేయించమని ముందే మాట్లాడుకోండి. బీపీ, షుగరు, మోకాళ్ళ అరుగుదల ఉంటే చేరేరోజే చెప్పాలి, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.